పేర్లు కొట్టిన హాలు

అమెరికాలో చదువు మానేసిన తెలుగువాడు ఎలా ఉంటాడో చూడాలని ఎవరికైనా కుతూహలం ఉంటే, అందుకోసం ఎక్కడికీ వెళ్ళనక్కర్లేదు. మీ వంటింట్లో సింకు పాడుచేసుకుంటే చాలు, నేనే వస్తాను. టెన్త్ గ్రేడ్ సగంలో బడికి దణ్ణం పెట్టి బయటపడ్డాను. మిషిగన్ మొత్తంలో మన పిల్లల్లో అలా చేసినవాణ్ణి నేనొక్కణ్ణే అని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. నిజమో కాదో తెలియదు గానీ, ఆ బిరుదు కోసం నాతో ఎవరూ పోటీకి రాలేదు. నన్ను వేలెత్తి చూపించి చుట్టుపక్కల ఆంటీలు ఎంతమంది పిల్లల్ని దారిలో పెట్టారో చెప్పలేను. "చదవకపోతే శీనుగాడిలా పైపులు బిగించుకుంటూ బతుకుతావ్" అనేవారు. ఆ పిల్లలు చదువుకుని డాక్టర్లయ్యారు, నేను వాళ్ళ ఇళ్ళలో పైపులు బిగిస్తున్నాను. ఎవరి పాత్ర వాళ్ళం లోటు లేకుండా పోషించినట్టే.

పోయిన నెల ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఇంటికి అలాగే వెళ్ళాను. సింకు కింద వెల్లకిలా పడుకుని పైపు విప్పుతుంటే, ఆ ఇంటి కోడలు కింద పట్టమని ఒక స్టీలు గిన్నె అందించింది. గిన్నె అంచున తెలుగు అక్షరాలు. 'గుండవరపు రామ్మోహనరావు' అని, చివరి 'వు' కొమ్ము పిల్లి తోకలా పైకి లేచి ఉంది. ఆ తోక నాది. పదిహేడేళ్ళ వయసులో నేను కొట్టిన పేరు అది. "ఇది మా మామగారి పాత గిన్నె అంకుల్, పారేద్దామంటే ఊరుకోరు" అంది ఆ అమ్మాయి. అందులోకి మురికినీళ్ళు పట్టబుద్ధి కాలేదు. వేరే గిన్నె ఇవ్వమన్నాను. సింకు కింద పడుకున్న మనిషికి అంత సున్నితం ఎందుకో ఆ అమ్మాయికి అర్థమై ఉండదు.

అమెరికాలో పల్లెటూళ్ళుంటాయంటే మా నాన్నే మొదట నమ్మలేదట. ఉంటాయి. ఊరి మొదట్లో బోర్డు మీద 'విలేజ్' అని రాసి మరీ ఉంటాయి. మేం వచ్చిన ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌కి గంటన్నర దూరం. ఒక్క సిగ్నల్ లైటు, ఒక హార్డ్‌వేర్ కొట్టు, ధాన్యం నిలవచేసే పొడుగాటి గోదాము, కార్ల సీట్లకి స్ప్రింగులు చేసే ఫ్యాక్టరీ. ఆ ఫ్యాక్టరీలో నాన్న ఇంజనీరు. ఆయన వెనకే మరో ఐదుగురు తెలుగు ఇంజనీర్లు వచ్చారు కాబట్టి ఊళ్ళో మొత్తం ఆరు తెలుగు కుటుంబాలు. నాకప్పుడు పద్నాలుగేళ్ళు. రేపల్లె దగ్గర మా ఊళ్ళో తెలుగు మీడియంలో తొమ్మిది చదివి వచ్చినవాణ్ణి. ఇక్కడి పంతులమ్మ మాట్లాడేది నాకు తెలిసేసరికి మొదటి ఏడాది అయిపోయింది, నేను మాట్లాడేది ఆవిడకి తెలిసేలోపు నేనే మానేశాను.

మా ఇంట్లో ఆ రోజుల వాసన ఇప్పటికీ చెప్పగలను. పొద్దున్నే చింతపండు నానేసిన గిన్నె, దాని పక్కన నాన్న చేతులు కడుక్కునే ఫ్యాక్టరీ సబ్బుపొడి. కోట్లన్నీ గరాజులో వేలాడదీయాలని అమ్మ రూలు పెట్టింది. లేకపోతే పోపు వాసన పట్టి, ఫ్యాక్టరీలో నాన్న నడిచి వస్తుంటే ఆ రోజు మా ఇంట్లో ఏం కూరో ముందే తెలిసిపోయేదట. చలికాలం పెరుగు తోడుకోకపోతే గిన్నెకి శాలువా చుట్టి, బేస్‌మెంట్‌లో వాటర్ హీటర్ పక్కన పసిపిల్లాడిలా పడుకోబెట్టేది. నాన్న పొద్దున లేచి ముందు నన్ను చూసేవాడు కాదు, కిందికి దిగి పెరుగుని చూసి వచ్చేవాడు. "తోడుకుంది" అని ప్రకటించేవాడు. మా ఇంట్లో సవ్యంగా ఎదుగుతున్నది అదొక్కటే అన్నట్టు నావైపు చూసేవాడు.

అమ్మకి డ్రైవింగ్ రాదు, ఇంగ్లిష్ రాదు. మా ఇంటినుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఆవిడకి ఉన్నది ఒకటే చోటు, ఊరి హాలు. ఎర్ర ఇటుకల పాత భవనం. ఎప్పుడో రైతులు సమావేశాలు పెట్టుకోవడానికి కట్టుకున్నదట. రైతులు పోయారు, సమావేశాలు పోయాయి, హాలు మిగిలింది. వారం మధ్యలో నలుగురు ముసలాళ్ళు పేకాట ఆడుకునేవాళ్ళు, శుక్రవారం బొంతలు కుట్టే ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. నెలకి ఒక శనివారం మాది. సత్యనారాయణ వ్రతమో, పుట్టినరోజో, ఏమీ లేకపోతే భోజనాలో. లోపలికి అడుగుపెట్టగానే తడి గోడల వాసన, కాచి కాచి మాడిన కాఫీ వాసన కలిసి కొట్టేవి. పన్నెండయ్యేసరికి ఇంగువ వచ్చి రెండింటినీ తరిమేసేది.

ఆ హాలు ఒక్కసారిగా పాడైపోలేదు. అందరూ కలిసి, ఓపిగ్గా పాడుచేశారు. ఊరివాళ్ళది ఒక పద్ధతి, మనవాళ్ళది ఒక పద్ధతి. ఊరివాళ్ళు ఏది పాడైతే దాని పక్కన బోర్డు పెట్టేవాళ్ళు. వెనక మెట్టు విరిగితే 'మెట్టు చూసుకోండి' అని బోర్డు. బాత్రూంలో నీళ్ళు ఆగకుండా కారుతుంటే 'హ్యాండిల్ రెండుసార్లు కదపండి' అని బోర్డు. పైకప్పు కారి హాలు మధ్యలో నీళ్ళు పడుతుంటే కింద ఒక బకెట్టు, బకెట్టు పక్కన పసుపుపచ్చ కోను. ఆ కోను రెండేళ్ళు కదల్లేదు. పేకాట ముసలాళ్ళు దానిమీద టోపీలు పెట్టుకునేవాళ్ళు. బోర్డు పెట్టాక ఇక ఆ మెట్టు విరిగినట్టు కాదు, ఆ మెట్టు స్వభావమే అంత అన్నట్టు నడుచుకునేవాళ్ళు.

మనవాళ్ళు బోర్డు పెట్టరు, కమిటీ వేస్తారు. ఆరు కుటుంబాలకి తొమ్మిది పదవులు. ప్రెసిడెంటు రామ్మోహనరావు అంకుల్. ఆయన ఫ్యాక్టరీలో ఎంత పెద్ద ఇంజనీరో నాకు తెలియదు గానీ, మైకు లేకుండా మైకులో మాట్లాడినట్టు మాట్లాడేవాడు. ఇంట్లో ఉప్పు అందించమని అడిగినా ముందు 'సభకు నమస్కారం' అంటాడని నేను అనుకరించి చూపించేవాణ్ణి. వాళ్ళావిడ లలిత ఆంటీ అందరికంటే ఎక్కువ నవ్వేది. మూర్తి అంకుల్ వైస్ ప్రెసిడెంటు. ఆయన భార్య రెండో వైస్ ప్రెసిడెంటు. కరీంనగర్ నుంచి వచ్చిన యాదగిరి అంకుల్‌కి ఏ పదవీ వద్దంటే, ఊరుకోకుండా సలహాదారుణ్ణి చేశారు. "సలహా ఎవడడిగిండు రా నన్ను" అని ఆయన నాతో గొణిగేవాడు. హాలు శుభ్రం నెలకో కుటుంబం వంతు. ఎవరి వంతు వచ్చినా, తర్వాత వంతు వాళ్ళు ఎలాగూ కడుగుతారు కదా అని వదిలేసేవాళ్ళు. వచ్చిన ప్రతివాళ్ళూ, ముందు వంతు వాళ్ళెంత అన్యాయంగా వదిలి వెళ్ళారో చెప్పుకుంటూ కాగితం ప్లేట్లు పరిచేవాళ్ళు. సింకులోకి కేసరిలో నెయ్యి, పులిహోరలో వేరుశనక్కాయలు, కరివేపాకు, అన్నీ నెల తర్వాత నెల దిగి దిగి, చివరికి నీళ్ళు దిగడం మానేశాయి.

వింత ఏమిటంటే, ఆ మురికి సింకులోనే మన ఆడవాళ్ళ గిన్నెలు అద్దాల్లా మెరిసేవి. భోజనాలయ్యాక ఒక్కొక్క గిన్నె తిరగేసి పేరు చదివేవాళ్ళు. తమదైతే చింతపండు పెట్టి తోమి, తుడిచి, చీర కొంగుతో ఇంకోసారి తుడిచి సంచిలో పెట్టుకునేవాళ్ళు. తమది కాకపోతే బోర్లించి వదిలేసేవాళ్ళు. ఆ పేర్లన్నీ కొట్టింది నేనే. నాన్న ఫ్యాక్టరీలో పనిముట్ల మీద నంబర్లు వేసే చిన్న కరెంటు మిషను ఒకటి పాతబడితే ఇంటికి తెచ్చాడు. పెన్నులా పట్టుకుంటే బర్రుమని స్టీలు మీద రాస్తుంది. ఊళ్ళో తెలుగు గుండ్రంగా రాయగలిగినవాణ్ణి నేను, అందులోనూ పగలంతా ఖాళీగా ఉండేవాణ్ణి. "ఒరేయ్ శీనూ, ఇడ్లీ ప్లేట్ల మీద పేరు కొట్టి పెట్టరా" అని ఆంటీలు క్యూ కట్టేవాళ్ళు. అమెరికాలో నేను చేసిన మొదటి ఉద్యోగం అదే.

భోజనాలయ్యాక అందరూ వెళ్ళిపోయినా అమ్మ మాత్రం హాల్లోంచి కదిలేది కాదు. గిన్నెలు మోసుకెళ్ళాలని నేను కారు తీసుకెళ్ళేవాణ్ణి. హీటరు వేసుకుని లోపలే కూర్చుని హారన్ కొడితే, "వస్తున్నా ఉండరా" అని కిటికీలోంచి అరిచేది. అరగంటకి గానీ వచ్చేది కాదు. ఇంటికంటే ఆ చోటంటేనే ఆవిడకి ఇష్టమని నాన్నా నేనూ అనుకునేవాళ్ళం. పాపం ఇంకెక్కడికి వెళ్తుంది, అదొక్కటే కదా ఆవిడ ప్రపంచం అని నాన్న అనేవాడు. నేను తలూపి ఇంకోసారి హారన్ కొట్టేవాణ్ణి.

అలాంటి చలికాలం ఒకరోజు, మన పంచాయతీ లాంటి ఊరి బోర్డు నుంచి ఉత్తరం వచ్చింది. హాలుకి ఇన్స్‌పెక్షన్ చేశారట. పైకప్పు, సింకు, బాత్రూం, వెనక మెట్టు దగ్గర పట్టుకుని ఎక్కే ఇనప పట్టీ, హాలుని వెచ్చబెట్టే రేడియేటరు, వెనక తలుపు గడియ, ఇవి బాగుచేసి శుభ్రంగా ఉంచే పూచీ ఎవరూ తీసుకోకపోతే, ఏప్రిల్ సమావేశంలో ఓటు వేసి హాలు మూసేస్తారట. తర్వాత పడగొట్టి అక్కడ పార్కింగు వేస్తారట. ఆ ఊళ్ళో రోడ్డు మీద ఎక్కడ ఆపినా పార్కింగే, అది వేరే సంగతి. నాన్న ఉత్తరం తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. అమ్మ రొట్టెలు ఒత్తుతూ వింది. నాన్న ముగించి కాగితం మడిచాక అప్పడాల కర్ర పక్కన పెట్టి, "ఏవండీ, నాకు టికెట్ బుక్ చేయండి. మా తమ్ముడి దగ్గరికి వెళ్ళిపోతాను" అంది.

"ఎన్నాళ్ళకి?" అన్నాడు నాన్న.

"వన్ వే."

అమ్మ నోట అంత స్పష్టమైన ఇంగ్లిష్ మేం ఎప్పుడూ వినలేదు. ఆ రాత్రి పెరుగు తోడు పెట్టడం కూడా మర్చిపోయింది. పొద్దున నాన్న బేస్‌మెంట్‌లోంచి ఒట్టి చేతులతో పైకొచ్చి, "హాలు పోతే మీ అమ్మ ఉండదు రా" అన్నాడు. బడి మానేసిన రోజు ఇల్లంతా నామీద విరుచుకుపడితే, కంచంలో అన్నం పెట్టి "ముందు తిను" అన్న మనిషి అమ్మ ఒక్కతే. ఆవిడ లేని ఆ ఇంట్లో నేనూ నాన్నా ఒకరికొకరు ఏం చెప్పుకుంటాం.

కమిటీ మా ఇంట్లోనే సమావేశమైంది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. హాలు రక్షణ ఉపసంఘం అని ఒకటి వేశారు, దానికి మళ్ళీ అధ్యక్షుడు. నాలుగో సమావేశంలో యాదగిరి అంకుల్ లేచి, "ఇగో, నేను సలహాదారుణ్ణి గద, ఒక సలహా చెప్తున్న. అందరం పోయి ఆ సింకు సాఫ్ చేద్దాం పాండ్రి" అన్నాడు. మూర్తి అంకుల్ వాచీ చూసుకున్నాడు.

రామ్మోహనరావు అంకుల్ గొంతు సవరించుకున్నాడు. "యాదగిరి గారూ, ఇది సింకు సమస్య కాదండీ. ఇది రాజకీయ సమస్య. ఓటు ఎవరి చేతిలో ఉంది? బోర్డు చేతిలో. ఉగాదికి బోర్డు వాళ్ళందర్నీ పిలుద్దాం. గారెలు, బొబ్బట్లు పెడదాం. ఊరి ప్రెసిడెంటుకి శాలువా కప్పి సన్మానం చేద్దాం. శాలువా కప్పించుకున్నవాడు మనకి వ్యతిరేకంగా చెయ్యెత్తుతాడా?"

"పైనుంచి ఆయన నెత్తిమీద నీళ్ళు పడితే?" అన్నాను వంటింటి గుమ్మంలోంచి.

"శీనూ, పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు" అన్నాడు నాన్న.

"కుర్చీ కాస్త పక్కకి వేస్తాం" అన్నాడు అంకుల్, చాలా గంభీరంగా. తీర్మానం నెగ్గింది. ఆ కుర్చీలు వేసే పని, ఖాళీగా ఉన్నవాణ్ణి కాబట్టి, నాకు అప్పగించారు.

ఉగాదికి రెండు రోజుల ముందు మధ్యాహ్నం కుర్చీలు వేయడానికి వెళ్ళాను. అమ్మ పాత గిన్నె ఒకటి ఎవరో బోర్లించి వదిలేసింది సింకు పక్కన కనిపించింది. దాని అంచున మా ఇంటిపేరు, సింకులో పచ్చగా నిలిచిన నీళ్ళు. రెండూ పక్కపక్కన చూస్తూ చాలాసేపు నిలబడ్డాను. నాకు పెద్దగా ఆలోచనలు రావు, వచ్చినప్పుడు ఆపుకోవడం కూడా రాదు. ఇంటికెళ్ళి మిషను తెచ్చాను. బాత్రూంలో కమోడ్ వెనక నీళ్ళతొట్టి మూత పగిలి రెండు చెక్కలై ఉంది. పెద్ద చెక్క మీద, పెళ్ళిళ్ళలో చదివింపు గిన్నెల మీద రాసినట్టే, 'శ్రీమతి మరియు శ్రీ గుండవరపు రామ్మోహనరావు దంపతులు సమర్పించినది' అని కొట్టాను. తెల్లటి పింగాణీ మీద అక్షరాలు సరిగా కనపడకపోతే అమ్మ కాటుక తెచ్చి రుద్దాను. సింకు నుదుటి మీద 'చెన్నూరి యాదగిరి కుటుంబము'. ఊగిపోతున్న ఇనప పట్టీ మీద మూర్తి దంపతులు. మిగిలిన రెండు కుటుంబాలకి రేడియేటరు ఒకటి, ఊడిపోయిన ఇత్తడి గడియ ఒకటి. రెండు మధ్యాహ్నాలు పట్టింది. అంత అందంగా నేను ఎవరి ఇడ్లీ ప్లేటు మీదా రాయలేదు.

ఉగాది రోజు వాన. బకెట్టులో చుక్కలు టప్పుటప్పుమంటుంటే బోర్డు వాళ్ళు ముగ్గురు, ఊరి క్లర్కు డోరతీ వచ్చి కూర్చున్నారు. డోరతీ అరవై దాటిన మనిషి. ఎక్కడికెళ్ళినా చిన్న నోటుపుస్తకం పట్టుకుని కనపడిందల్లా రాసుకునేది. పచ్చడి నాకి, కళ్ళు మూసుకుని, ఏం రాయాలో తెలియక పెన్ను పట్టుకుని ఉండిపోయింది. రామ్మోహనరావు అంకుల్ పట్టుపంచె మీద కోటు వేసుకుని పళ్ళెంలో శాలువాతో సిద్ధంగా ఉన్నాడు. అప్పుడు లలిత ఆంటీ బాత్రూంలోంచి వచ్చింది.

"ఏవండీ, ఒకసారి ఇలా రండి."

"సభ మొదలవుతోంది లలితా."

"మన పేరు లోపలుంది."

"లోపల అంటే?"

"వచ్చి చూడండి, చెబితే బాగుండదు."

ఆయన శాలువా పళ్ళెంతోనే వెళ్ళాడు. అదే సమయానికి వంటింట్లోంచి యాదగిరి అంకుల్ గొంతు వినపడింది. "గిదేంది వయా, సింకుకి నా పేరు పెట్టిండ్రు? సలహా చెప్పినందుకా?" నిమిషంలో అందరికీ తెలిసిపోయింది. ఇక్కడే నా చదువు లేని బుర్ర బయటపడింది. ఎవరు చేశారో ఎవరికీ తెలియదని నేను ధీమాగా గారె తింటున్నాను. ఆ చేతిరాత ఆరిళ్ళ వంటగదుల్లో, మూడేసి డజన్ల గిన్నెల మీద ఉందన్న సంగతి నాకు తట్టనే లేదు. అందరూ ఒక్కసారి నావైపు తిరిగారు. నాన్న మొహం చూసి గారె మింగడం మర్చిపోయాను.

రామ్మోహనరావు అంకుల్ మూత చెక్క చేత్తో పట్టుకుని బయటికొచ్చాడు, దాచేద్దామని కాబోలు. ఎదురుగా డోరతీ. "ఓ, ఎంత అందంగా ఉంది ఈ రాత. ఏమని రాశారు?" అని అడిగింది ఇంగ్లిష్‌లో.

ఆ క్షణంలో ఆయన చెప్పగలిగినవి చాలా ఉన్నాయి. మావాడొకడు మీ ఆస్తి పాడుచేశాడు అని చెప్పి నన్ను అప్పగించవచ్చు. అది చెబితే తెలుగు కుర్రాడు చేశాడని ఒప్పుకోవాలి, ఫలానావాళ్ళ అబ్బాయి అని చెప్పాలి. వెనక బోర్డు వాళ్ళు తొంగి చూస్తున్నారు. ఆయన పంచె సర్దుకున్నాడు, మైకు లేకుండానే మైకులో మాట్లాడాడు. "ఇది మా సంప్రదాయం మేడమ్. ఈ బాత్రూం బాధ్యత మా కుటుంబం తీసుకుంటోంది అని రాశాం."

"అద్భుతం. ఎప్పటిలోగా?" అంది డోరతీ, పుస్తకం తెరిచి.

"ఎప్పటిలోగా అంటే..." అని ఆయన లలిత ఆంటీ వైపు చూశాడు. ఆవిడ సాయానికి రాలేదు. "మీ సమావేశం లోగా" అన్నాడు.

డోరతీ రాసుకుంది. సింకు దగ్గరికి నడిచింది. "ఇది?" యాదగిరి అంకుల్ నావైపు ఒక చూపు చూసి, "మాదే మేడమ్, వచ్చే ఆదివారం" అన్నాడు. రేడియేటరు, గడియ అయ్యాయి. ఇనప పట్టీ దగ్గర మూర్తి అంకుల్, వైస్ ప్రెసిడెంటు హోదాలో, రెండో వైస్ ప్రెసిడెంటుతో గుసగుసలాడి ఒప్పుకున్నాడు. ఆవిడ అలా ఒక్కొక్కరి దగ్గరా ఆగి, పేరు స్పెల్లింగు అడిగి, తేదీ అడిగి రాసుకుంటూ వచ్చి మా నాన్న ముందు ఆగింది. "మరి మీ కుటుంబం?"

మా పేరు నేను ఎక్కడా కొట్టలేదు. ఆ ముక్క కూడా నాకు తట్టలేదు. ఐదు కుటుంబాల వాళ్ళూ నాన్న చుట్టూ నిలబడి, ఎంతో ఆసక్తిగా ఆయన జవాబు కోసం ఎదురుచూశారు. బకెట్టులో చుక్క పడింది. నాన్న ఆ చుక్క వచ్చిన దారిలో మెల్లగా తలెత్తి పైకి చూశాడు. లిస్టులో ఇక మిగిలింది అదొక్కటే. "పైకప్పు" అన్నాడు, చావు కబురు చెప్పినట్టు.

శాలువా సన్మానం బాగానే జరిగింది. కుర్చీ పక్కకి వేశాం.

ఇంటికి తిరిగొచ్చేటప్పుడు నాన్నే కారు నడిపాడు. గరాజులో ఇంజను ఆపాక, "నిచ్చెన ఎక్కడం వచ్చా నీకు?" అన్నాడు. రాదన్నాను. "నాకూ రాదు" అన్నాడు. ఏప్రిల్ సమావేశంలో ఓటు వాయిదా పడింది. డోరతీ తన పుస్తకం చదివి వినిపించాక చెయ్యెత్తడానికి ఎవరికీ మొహం చెల్లలేదట. అప్పటికి బాత్రూంలో కొత్త తొట్టి వచ్చేసింది. పాత మూత మీద పేరు చెరగదు కాబట్టి తొట్టితో సహా మార్చడం తప్ప అంకుల్‌కి వేరే దారి లేకపోయింది. యాదగిరి అంకుల్ మాత్రం సింకు మార్చలేదు. ఒక ఆదివారం వచ్చి పైపు విప్పి, నాలుగేళ్ళ పులిహోర బయటికి లాగి, పేరు అలాగే ఉంచాడు. "ఉండనియ్ రా, నా పేరున్న సింకు ఊరిల కూడ లేకుండె" అన్నాడు. వేసవిలో బొంతల ఆడవాళ్ళు నన్ను పిలిచి, వాళ్ళ పేర్లు కూడా ఆ గుండ్రటి అక్షరాల్లోనే కిటికీల మీద రాయమన్నారు. ముందు తలుపు పిడి మీద 'డోరతీ' అని నేనే కొట్టాను. మెట్టు బాగుచేసి 'మెట్టు చూసుకోండి' బోర్డు తీసేశాక నెల్లాళ్ళు ముసలాళ్ళు తడబడుతూనే ఎక్కారు, అలవాటుగా.

పైకప్పు మాకు ఆ వేసవి మొత్తం పట్టింది. హార్డ్‌వేర్ కొట్టు ముసలాయన కింద నిలబడి మేకు ఎక్కడ కొట్టాలో అరుస్తుంటే, నేనూ నాన్నా పైన పాకుతూ తారు పెంకులు వేశాం. తారు ఎండకి కాగి వాసన కొట్టేది. అమ్మ మజ్జిగ పంపేది. ఒకరోజు నాన్న చెమట తుడుచుకుంటూ, "నువ్వు బుద్ధిగా చదువుకుని ఉంటే కింద నీడలో నిలబడి ఎవరిచేతో చేయించేవాడివి" అన్నాడు. "అప్పుడు పైన మీరొక్కరే ఉండేవారు నాన్నా" అన్నాను. ఆయన ఇంకో మేకు అందించాడు. నా చదువు గురించి మా ఇంట్లో అదే ఆఖరి మాట. నా తర్వాతి నలభై ఏళ్ళ తిండి ఆ పైకప్పు మీదే మొదలైంది. అమ్మ టికెట్ మాట మళ్ళీ ఎత్తలేదు. హాలుకి వెళ్ళేది, అందరితో పాటే బయటికొచ్చేది. హాలు నిలబడింది కదా, ఇక మనసు కుదుటపడిందనుకున్నాం.

ఇప్పుడు మనవాళ్ళకి సబర్బ్‌లో పెద్ద హాలుంది. ముందు గదిలో నల్ల రాయి గోడ మీద దాతల పేర్లు బంగారు అక్షరాల్లో, ఏ పేరు ఏ వరసలో ఉండాలో తేల్చడానికి ఏడాది పట్టిందని విన్నాను. శుభ్రం చేయడానికి కంపెనీ వస్తుంది. ఆ మధ్య అక్కడ బాత్రూంలో కుళాయి కారుతోందని ఎవరో గ్రూపులో పెడితే, ముప్పై మంది చేతులు జోడించిన బొమ్మ పెట్టారు. కుళాయి వాళ్ళ దణ్ణాలు లెక్కచేయలేదు. చివరికి నన్ను పిలిచారు. బిగించాక ఇప్పటి ప్రెసిడెంటు, సాఫ్ట్‌వేర్ కుర్రాడు, "థాంక్స్ అంకుల్, ఇంకేమన్నా చేయాలా?" అని మర్యాదగా అడిగాడు. "కుళాయి మీద నీ పేరు కొట్టి వెళ్ళనా?" అన్నాను. "వద్దు అంకుల్, ఆల్రెడీ వాల్ మీద ఉంది కదా" అన్నాడు. వాడు తెలివైనవాడు. బాగా చదువుకున్నాడు. అప్పటివాళ్ళు గొప్పవాళ్ళని నేననను. పరువు పోతుందని కడిగారు గానీ ప్రేమతో కాదు. కాకపోతే ఎవరి పేరు ఎక్కడుందో అక్కడికి వంగి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు పేర్లు కళ్ళ ఎత్తున ఉంటాయి, ఎవరికీ నడుం వంగదు.

ఇదంతా రాసి, మొన్న ఆదివారం అమ్మకి చదివి వినిపించాను. ఎనభైకి దగ్గర పడింది, నాతోనే ఉంటోంది. బీరకాయ చెక్కు తీస్తూ వింది. నేను ఆటపట్టించినవాళ్ళ దగ్గర నవ్వింది, నాన్న పైకప్పు అన్న దగ్గర కాసేపు పీలర్ ఆపింది. చదవడం అయ్యాక కాగితాలు మడిచాను. "చూశావా అమ్మా, నువ్వు వెళ్ళిపోతావనే కదా హాలంతా చెక్కాను. నీ కోసం నిలబెట్టాను ఆ హాలుని" అన్నాను.

అమ్మ చెక్కు కాగితంలో చుడుతూ నా మొహంలోకి చూసింది. "ఒరేయ్, హాలు మూసేస్తారని కాదురా నేను టికెట్ అడిగింది. శుభ్రం చేస్తే మూయరని మీ నాన్న చదివాడు చూడు, అందుకు అడిగాను. నాలుగేళ్ళు నెలనెలా మీరంతా తిని లేచాక ఆ హాలు ఊడ్చింది ఎవరనుకున్నావ్? నువ్వు బయట కార్లో కూర్చుని హారన్ కొడుతున్నప్పుడు లోపల నేనేం చేస్తున్నాననుకున్నావ్, భజనా? పేర్లు పడ్డాక ఎవరి చోటు వాళ్ళు కడుక్కున్నారు కాబట్టి ఉన్నాను. ఊళ్ళో వాళ్ళందరి పేర్లూ అన్నిటి మీదా కొట్టావు గానీ, చీపురు మీద ఎవరి పేరు కొట్టాలో నీకు తట్టనే లేదట్రా?"